పోలికలు కుదిరినంత మాత్రాన

అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటీ మీద ఏడాది తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. 2005లో ‘కపోటీ’, 2006లో ‘ఇన్‌ఫేమస్’. రెండింటి కథా ఒకటే. 1959లో కాన్సస్ రాష్ట్రంలోని ఓ పల్లెలో ఒకే ఇంట్లో నలుగురు హత్యకు గురవుతారు. ఆ ఘటన మీద పుస్తకం రాయాలని కపోటీ అక్కడికి వెళతారు. పట్టుబడిన ఇద్దరు హంతకుల్లో ఒకడితో ఆయనకు చిత్రమైన చనువు ఏర్పడుతుంది. 1965లో ఇద్దరికీ ఉరిశిక్ష అమలవుతుంది, పుస్తకం పూర్తవుతుంది.

‘ఇన్‌ఫేమస్’లో కపోటీగా వేసిన టోబీ జోన్స్ పొట్టి మనిషి. ముఖం తీరులోనూ కపోటీకి బాగా దగ్గర. ‘కపోటీ’లో నటించిన ఫిలిప్ సేమూర్ హాఫ్‌మన్‌ది భారీ విగ్రహం, బరువైన గొంతు. అసలు కపోటీ చూస్తే ఐదడుగుల మూడంగుళాల మనిషి, ముక్కుతో పలికే సన్నని గొంతు. పోలికే కొలబద్ద అయితే ఈ పోటీలో జోన్స్ ముందే గెలిచి ఉండాలి. ఆయన నటన నిజంగా బాగుంటుంది కూడా. అయినా ఆస్కార్ హాఫ్‌మన్‌కు వచ్చింది, జనం జ్ఞాపకంలో నిలిచిందీ ఆయనే. ఆ సినిమా ముందు విడుదల కావడం కొంత కలిసొచ్చింది నిజమే. కానీ అసలు కారణం తెర మీదే ఉంది.

ఉరికి ముందు కపోటీ ఖైదీల దగ్గరికి వెళ్లి కన్నీళ్లు పెట్టుకుంటారు, చేయగలిగిందంతా చేశానంటారు. తర్వాత స్నేహితురాలు హార్పర్ లీకి ఫోన్ చేసి, వాళ్లను కాపాడటానికి తన చేతిలో ఏమీ లేకపోయిందని చెప్పుకుంటారు. లేకపోవచ్చు, కానీ కాపాడాలన్న కోరిక నీకు లేదన్న సంగతి మాత్రం నిజం అన్నట్టుగా ఆమె జవాబిస్తుంది. అప్పటికే ప్రేక్షకుడికి తెలుసు: ఉరి పడితే గాని పుస్తకానికి ముగింపు దొరకదు, ఆ ముగింపు కోసం ఆయన ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నారు. ఏడుపు నిజం, ఎదురుచూపూ నిజం. ఆ రెండూ ఒకే ముఖంలో ఒకేసారి కనిపించాలి. హాఫ్‌మన్ ముఖంలో కనిపిస్తాయి. ఏ పాత ఇంటర్వ్యూ చూసినా, ఏ ఫొటో ముందు పెట్టుకున్నా ఆ క్షణాన్ని అనుకరించడం కుదరదు. ఎందుకంటే ఆ క్షణానికి ఆధారం లేదు. ఉన్న ఆధారాలన్నీ జీర్ణించుకుని నటుడు తానే పుట్టించాలి.

జీవితకథా చిత్రాల్లో ప్రధాన పాత్రధారి గొప్పతనమంతా ఈ చోటులోనే ఉంది. కానీ వాటి గురించి జరిగే మాటల్లో అత్యధిక భాగం దీని చుట్టూ తిరగదు. ఎన్ని కిలోలు తగ్గారు, మేకప్‌కు ఎన్ని గంటలు పట్టింది, అసలు ఫొటో పక్కన పెడితే తేడా తెలుస్తోందా అన్న లెక్కలే ఎక్కువ. నాట్యశాస్త్రం రాసిన భరతుడు అభినయాన్ని ఆంగికం (శరీర కదలికలు), వాచికం (మాట), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా చెప్పాడు. ఈ నాలుగింటిలో ఆహార్యం అందరికంటే ముందు కంటికి ఆనుతుంది, కొలవడం సులభం, పోస్టరు మీద వేసుకోవడం ఇంకా సులభం. సాత్త్వికాన్ని అలా చూపించడానికి లేదు, సినిమా అంతా కూర్చుని చూడాల్సిందే. పురస్కారాల చరిత్ర కూడా ఈ మొగ్గును బలపరిచింది. 2012 నుంచి 2015 వరకు వచ్చిన చిత్రాలను తీసుకుంటే, వరసగా నాలుగేళ్లు ఉత్తమ నటుడి ఆస్కార్ నిజంగా బతికిన మనుషుల పాత్రలకే దక్కింది: అబ్రహాం లింకన్, ఎయిడ్స్ బాధితుడు రాన్ వుడ్రూఫ్, శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్, వేటగాడు హ్యూ గ్లాస్. ఆ నలుగురు నటుల్లో ముగ్గురి గురించి చెప్పుకున్నప్పుడు మొదట వచ్చే మాట శరీరాన్ని ఎంత కష్టపెట్టారన్నదే.

శరీరశ్రమను తీసిపారేయడం కూడా పొరపాటే. అది పాత్ర లోపలికి దారి తీసిన సందర్భాలున్నాయి. 1980లో వచ్చిన ‘రేజింగ్ బుల్’లో బాక్సర్ జేక్ లమోటా పాత్ర కోసం రాబర్ట్ డి నీరో సుమారు 27 కిలోలు పెరిగారు. ఆయన లావు కావడానికి చిత్రీకరణను నెలల తరబడి ఆపేశారు. ఈ సంగతి చెప్పుకుని ఊరుకుంటే అది ఒక విడ్డూరం మాత్రమే. సినిమా చివర్లో ఆ స్థూలకాయుడు డ్రెస్సింగ్ రూములో అద్దం ముందు కూర్చుని, మార్లన్ బ్రాండో ఒక పాత చిత్రంలో చెప్పిన ప్రసిద్ధమైన మాటలను అప్పజెబుతాడు. తోబుట్టువు చేసిన ద్రోహం వల్ల తన బతుకు చెడిందని నిందించే మాటలవి. డి నీరో వాటిని ఏ ఉద్వేగమూ లేకుండా, పాఠం వల్లెవేస్తున్నట్టు పలుకుతారు. సినిమా అంతా చేతికి దొరికినవాళ్లనల్లా కొట్టిన మనిషి, సొంత తమ్ముణ్ని కూడా కొట్టిన మనిషి, తన పతనానికి కారణం ఎవరో ఆ అద్దంలో చూసి కూడా గుర్తుపట్టాడో లేదో తేలదు. ఆ కుర్చీలో ఇరుక్కుని కూర్చున్న దేహం లేకపోతే ఆ నిర్లిప్తత అంత భయంకరంగా ఉండేది కాదు. అక్కడ బరువు అభినయంలో భాగమైంది.

హాకింగ్ పాత్ర విషయంలో ఎడ్డీ రెడ్‌మేన్ చేసిన పని కూడా ఇలాంటిదే. సినిమా దృశ్యాలను కథ వరసలో తీయరు. ఒకే రోజు ఉదయం ఆరోగ్యంగా ఉన్న విద్యార్థిగా, సాయంత్రం చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషిగా నటించాల్సి రావచ్చు. అందుకే ఏ దశలో ఏ కండరం పట్టు కోల్పోతుందో ఆయన ఒక పట్టిక వేసుకున్నారు. హాకింగ్‌లా కండరాలు క్షీణించే ఏఎల్ఎస్ వ్యాధి ఉన్నవాళ్లను కలిశారు. కథ ముందుకు సాగేకొద్దీ నటుడి చేతిలోని సాధనాలు ఒక్కొక్కటే చేజారిపోతాయి: ముందు నడక, తర్వాత చేతులు, ఆ తర్వాత మాట. చివరికి కళ్లు, ముఖంలో ఒక్క కదలిక మిగులుతాయి. వాటితోనే చమత్కారం, చిరాకు, ప్రేమ అన్నీ చెప్పాలి. ఆంగికం అడుగంటిన చోట సాత్త్వికం ఎంత పని చేయగలదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. కృత్రిమంగా పలికే తన సొంత గొంతును వాడుకోవడానికి హాకింగే ఆ చిత్రానికి అనుమతించారు.

గొంతు సంగతి విడిగా చెప్పుకోవాలి. ముఖం కంటే అదే కష్టం. లింకన్ కాలానికి ధ్వని ముద్రణ లేదు. జనం ఊహలో ఆయనది గంభీరమైన గళం, విగ్రహాల్లాగే. కానీ ఆయనను విన్నవాళ్లు రాసిపెట్టినదాని ప్రకారం అది సన్నగా, హెచ్చు స్థాయిలో ఉండేది. స్పీల్‌బర్గ్ తీసిన ‘లింకన్’ (2012)లో డేనియల్ డే లూయిస్ ఆ సన్నని గొంతునే ఎంచుకున్నారు. దానివల్ల విగ్రహం కాస్తా మనిషయింది. కథలు చెప్పి నవ్వించే, అలసిపోయే, మంత్రుల మీద ఉన్నట్టుండి గొంతు పెంచే మనిషి.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య బ్రూనో గాంజ్‌ది. హిట్లర్ ఉపన్యాసాల రికార్డులకు కొదవ లేదు, అందువల్లే వేదిక మీది అరుపులు అందరికీ కంఠతా వచ్చు. మరి నలుగురి మధ్య కూర్చుని మామూలుగా మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఎలా ఉండేది? 1942 జూన్‌లో ఫిన్లండ్ సేనాధిపతి మానర్‌హైమ్‌తో అతను జరిపిన సంభాషణలో సుమారు పదకొండు నిమిషాలను ఫిన్లండ్ రేడియో ఇంజినీరు ఒకరు రహస్యంగా రికార్డు చేశారు. మామూలు సంభాషణలో అతని గొంతు వినిపించే రికార్డుగా ఇప్పటికి తెలిసింది ఇదొక్కటే. ‘డౌన్‌ఫాల్’ (2004) కోసం గాంజ్ దాన్ని శ్రద్ధగా విన్నారు. బంకర్‌లో కార్యదర్శితో మృదువుగా మాట్లాడే ముసలివాడు, అంతలోనే సేనానుల మీద విరుచుకుపడే ఉన్మాది ఒకే మనిషని నమ్మబలికేది ఆ లోగొంతే. అందరికీ తెలిసిన అరుపులను మాత్రమే అనుకరించి ఉంటే అది వ్యంగ్యచిత్రంలా మిగిలేది. మంచిగా మాట్లాడగలిగిన మనిషే అంత ఘోరం చేశాడన్న నిజం ప్రేక్షకుణ్ని ఎక్కువగా కలవరపెడుతుంది.

గాయకుల పాత్రల్లో ఈ చిక్కుముడి మరోలా ఉంటుంది. ఫ్రెంచి గాయని ఎడిత్ పియాఫ్‌గా నటించిన మరియన్ కొతియార్ (‘లా వియాన్ రోజ్’, 2007) చాలావరకు పియాఫ్ పాత రికార్డులకే పెదవులు కలిపారు. జానీ క్యాష్‌గా వేసిన వాకిన్ ఫీనిక్స్ పాటలన్నీ తానే పాడుకున్నారు. ఏ పద్ధతి మేలన్న చర్చ అనవసరం. కొతియార్ గొంతు అరువు తెచ్చుకున్నా ఊపిరి తనదే: పాట మొదలయ్యే ముందు ఛాతీ పొంగడం, మెడనరాలు బిగుసుకోవడం, ముడుచుకుపోయిన ఆ చిన్న ఆకారం నిటారుగా మారడం. గొంతు ఎవరిదన్న అనుమానం ప్రేక్షకుడికి రాదు.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష, నటిని నటించడం. ‘మహానటి’ (2018) ముందున్న సవాలు అదే. ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసిన అభినయం తెలుగు ప్రేక్షకులకు కొట్టినపిండి. ఎస్వీ రంగారావు హుందాతనాన్ని, మగటిమిని ఆ లేత దేహంలోకి ఆమె ఎలా దింపిందో చూసి మురిసిపోని తరం లేదు. అలాంటి సావిత్రిని పోషించడమంటే ఘటోత్కచుడు శశిరేఖగా, సావిత్రి ఆ ఇద్దరుగా, ఆ సావిత్రిగా మరో నటి. పైగా అసలు సినిమా ప్రతి ఇంట్లో ఉంది. కీర్తి సురేశ్ పాత సన్నివేశాలను తిరిగి చేసిన చోటల్లా ప్రేక్షకుడు తెలియకుండానే సరిచూసే అధికారి అయిపోతాడు. కన్ను ఎంత తిప్పింది, చేయి ఎక్కడ ఆపింది అని. ఆ భాగాల్లో ఆమె చేయగలిగింది తప్పు చేయకపోవడమే.

కెమెరా ఆగిన తర్వాతి సావిత్రికి అలాంటి ఆధారాలు లేవు. భర్త ఇంకొకరితో ఉన్నాడని తెలిసిన క్షణం, మద్యం అలవాటు పడిన రోజులు, ఆస్తులు కరిగిపోతున్నా చేయి చాచినవారికి ఇవ్వడం మానలేని స్వభావం. అక్కడ కీర్తి సురేశ్ సావిత్రిని అనుకరించడం మానేసి సావిత్రిలా బాధపడటం మొదలుపెడుతుంది. 2018 సంవత్సరానికి ఉత్తమ నటిగా వచ్చిన జాతీయ పురస్కారం ఆ భాగాలకే చెందుతుందనడం అతిశయోక్తి కాదు.

పోల్చడానికి ముఖమే లేని పాత్రలు ఈ వాదనకు ఇంకో వైపు. జోన్ ఆఫ్ ఆర్క్ ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. తెలిసింది 1431 నాటి విచారణ పత్రాలు మాత్రమే. వాటిని ఆధారం చేసుకుని కార్ల్ డ్రేయర్ 1928లో మూకీ చిత్రం తీశారు. జోన్‌గా వేసిన ఫాల్కొనెట్టి ముఖానికి మేకప్ లేదు, సినిమాలో అత్యధిక భాగం ఆ ముఖం సమీప దృశ్యాలే. న్యాయమూర్తుల ప్రశ్న వినడం, అర్థం కాకపోవడం, అర్థమయ్యాక భయం, భయం వెనుక నుంచి మొండి ధైర్యం, అన్నీ మాటలు లేకుండానే. ఆ సినిమా చూసినవాళ్లకు జోన్ ముఖమంటే ఇక అదే. తెలుగులో చిత్తూరు నాగయ్య సాధించింది కూడా ఇలాంటిదే. 1940లలో పోతన, త్యాగయ్య, వేమన పాత్రలు మూడూ ఆయనే వేశారు. ముగ్గురూ ఫొటోలకు ముందుకాలపు మనుషులు. ముగ్గురి కథల్లోనూ చరిత్ర కంటే జనశ్రుతి పాలు ఎక్కువ. అయినా ‘యోగి వేమన’ (1947)లో అన్న కూతురిని పోగొట్టుకుని శ్మశానంలో తిరుగాడే వేమనలో కనిపించేది పురాణపురుషుడు కాడు, చావు ముందు తెల్లబోయిన మామూలు మనిషి. ఇప్పటి జీవితకథా చిత్రాల గురించి మాట్లాడేవాళ్లు నాగయ్యను తలచుకోకపోవడం బాధాకరం.

నటుడు ఎంత సమర్థుడైనా స్క్రీన్‌ప్లే చోటివ్వకపోతే ఏమీ చేయలేడు. పుట్టుక నుంచి చావు దాకా చూపించాలన్న తాపత్రయం ఈ రకం చిత్రాలకు పట్టిన పెద్ద జాడ్యం. పది నిమిషాలకోసారి వయసు మారుతుంది, విగ్గు మారుతుంది, ఒక ఘట్టం ఊపందుకునేలోపే తర్వాతి ఘట్టం వచ్చేస్తుంది. ‘లింకన్’ ఆయన చివరి నాలుగు నెలలకే, అందులోనూ ముఖ్యంగా బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకే పరిమితమైంది. కపోటీ చిత్రాలు ఆరేళ్లకు పరిమితమయ్యాయి. కథాకాలం కుదించుకుంటే నటుడికి ఒక గదిలో కూర్చుని ఆలోచించే తీరిక దొరుకుతుంది. రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’ (1982) ఈ సూత్రానికి అరుదైన మినహాయింపు. ఒక మనిషి జీవితం మొత్తం ఒక్క కథలో ఇమడదని ఆ చిత్రం మొదట్లోనే ఒప్పుకుని, 191 నిమిషాల్లో అర్ధ శతాబ్దాన్ని దాటుతుంది. అది నిలబడటానికి బెన్ కింగ్‌స్లీ కారణం. దక్షిణాఫ్రికాలో భారతీయుల గుర్తింపు పాసులు తగలబెట్టే సన్నివేశం చూడండి. పోలీసు కొడతాడు, యువ గాంధీ కింద పడతాడు, వణుకుతున్న చేయి మళ్లీ ఇంకో పాసు అందుకుని నిప్పు వైపు సాగుతుంది. మళ్లీ దెబ్బ, మళ్లీ ఆ చేయి. ముఖంలో వీరత్వం లేదు, నొప్పి, భయం ఉన్నాయి. చేయి మాత్రం ఆగదు. తర్వాతి రెండున్నర గంటల సత్యాగ్రహానికి కావలసిన బలమంతా ఆ చేతిలోంచి వస్తుంది.

ప్రేక్షకులకు పేరే తెలియని మనిషి కథ అయితే నటుడికి స్వేచ్ఛ ఎక్కువ, బరువూ ఎక్కువే. అడ్డంకులు దాటుతూ సాగే స్టీపుల్‌చేజ్ పరుగులో జాతీయ విజేత అయిన సైనికుడు చంబల్ లోయలో తుపాకీ పట్టి 1981లో పోలీసుల కాల్పుల్లో చనిపోయిన కథ ‘పాన్ సింగ్ తోమర్’ (2012). ఇర్ఫాన్ ఖాన్ అందులో వేసింది చాలామంది ఎన్నడూ చూడని మనిషిని. సరిపోల్చుకునేందుకు ఏమీ లేదు కనుక ఆయన చూపించిందే పాన్ సింగ్ అయిపోయాడు. పతకాలు తెచ్చినప్పుడు పట్టించుకోని దేశం బందిపోటయ్యాక పేరు పెట్టి పిలుస్తోందన్న ఉక్రోషం ఆ కళ్లలో చూశాక మరో పాన్ సింగ్‌ను ఊహించడం కష్టం.

సరిగ్గా ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. నటన ఎంత గొప్పదైతే, స్క్రీన్‌ప్లే చెప్పిన అబద్ధం అంతగా నిజమై కూర్చుంటుంది. ‘లింకన్’లో కనెటికట్ ప్రతినిధులు ఇద్దరు 13వ సవరణకు వ్యతిరేకంగా ఓటేసినట్టు చూపించారు. నిజానికి ఆ రాష్ట్ర ప్రతినిధులు నలుగురూ అనుకూలంగానే వేశారు. 2013లో ఆ రాష్ట్రానికి చెందిన కాంగ్రెస్ సభ్యుడు జో కోర్ట్‌నీ బహిరంగంగా అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. ‘డార్కెస్ట్ అవర్’ (2017)లో గ్యారీ ఓల్డ్‌మన్ చర్చిల్‌గా భూగర్భ రైలెక్కి సామాన్యులను అభిప్రాయం అడిగే దృశ్యం పూర్తిగా కల్పితం. మేకప్ అంత అచ్చంగా కుదరడం వల్లే అది చరిత్రలో జరిగినట్టు అనిపిస్తుంది. ‘బోహీమియన్ రాప్సడీ’ (2018) రాక్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీకి తన ఎయిడ్స్ వ్యాధి సంగతి 1985 నాటి లైవ్ ఎయిడ్ కచేరీకి ముందే తెలిసినట్టు చూపుతుంది. అది తేలింది ఆ తర్వాతేనని సాధారణంగా అంగీకరించే మాట. రామీ మాలెక్ కచేరీలో చిందించే ప్రతి చెమటచుక్కకూ ఈ మార్పు ఒక విషాదఛాయ అద్దుతుంది. అది నటుడికి వరం, మనిషి జ్ఞాపకానికి అన్యాయం.

అన్ని మార్పులనూ ఒకే గాటన కట్టలేం. గణితజ్ఞుడు జాన్ నాష్ మీద తీసిన ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ (2001)లో ఆయన కొత్త మందులు వాడుతున్నట్టు చివర్లో చెబుతారు. వాస్తవంలో నాష్ 1970 తర్వాత మందులు వాడలేదు. ఆయనను చూసి ఇతర రోగులు మందులు మానేయకూడదన్న ఆలోచనతో చేసిన మార్పది. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ అదే సినిమా నాష్ దంపతుల విడాకులను పూర్తిగా దాచిపెట్టి, నోబెల్ వేదిక మీద ఆయన చేయని ప్రసంగంలో భార్యకు కృతజ్ఞతలు చెప్పించింది. రసెల్ క్రో ఆ ప్రసంగాన్ని ఎంతో ఆర్ద్రంగా పలుకుతారు. విడిపోయిన తర్వాత కూడా మాజీ భర్తను ఇంట్లో ఉంచుకుని చూసుకున్న అలీషియా నాష్ అసలు కథ, ఆ ప్రసంగం కంటే ఎన్నో రెట్లు పెద్దది. దాన్ని చూపించి ఉంటే క్రోకూ, అలీషియాగా వేసిన జెన్నిఫర్ కానెలీకీ ఇంకా లోతైన పాత్రలు దొరికేవి.

పాత్రకు మూలమైన మనిషి బతికే ఉండి, అడ్డం తిరిగితే? శేఖర్ కపూర్ ‘బాండిట్ క్వీన్’ (1994) విడుదలను ఆపాలని మాజీ బందిపోటు ఫూలన్ దేవి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. తన మీద జరిగిన అత్యాచారాలను తెర మీద అలా చూపించడమే ఆమె అభ్యంతరాల్లో ముఖ్యమైనది. ప్రధాన పాత్ర వేసిన సీమా బిశ్వాస్‌కు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది, అది అన్నివిధాలా అర్హమైనదే. అవమానం తర్వాత ఆ ముఖం రాయిలా మారిపోయే తీరు భారతీయ తెర మీద అంతకుముందు చూడనిది. అయితే ఆ నటన ఎంత నిజాయతీగా ఉన్నా, ఎవరి బతుకు నుంచి పుట్టిందో ఆ స్త్రీ వద్దన్న మాట చెరిగిపోదు. ఆ చిత్రం గురించి రాసే ప్రతి ఒక్కరూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి రాయాలి.

సినిమాలో ఫూలన్ కథ 1983లో లొంగిపోవడంతో ముగుస్తుంది. అసలు ఫూలన్ ఆ తర్వాత పదకొండేళ్లు విచారణ లేకుండా జైల్లో ఉన్నారు. ఆ చిత్రం దేశంలో విడుదలైన 1996లోనే మీర్జాపూర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2001లో ఢిల్లీలో తన ఇంటి ముందే హత్యకు గురయ్యారు. ఈ పద్దెనిమిదేళ్లను పోషించే నటికి పాత సినిమా ఏ సాయమూ చేయదు.